బయటి గాలి బరువు

ఉదయం 7:25.

ట్యాంకర్లు కడిగే యార్డులో, సిమెంటు నేల మీద, సూపర్‌వైజర్ శవం. తల పగిలింది. సీలు వేసే పటకారు ఇంకా చేతిలోనే ఉంది.

పక్కనే ట్యాంకర్. దాని స్టీలు ట్యాంకు, కాలితో తొక్కిన రేకు డబ్బాలా నడుము దగ్గర నలిగిపోయింది.

"పేలింది సార్," అన్నాడు యజమాని. "పైనున్నవాడు ఎగిరిపడ్డాడు. వాడి అజాగ్రత్త, వాడి ఖర్మ. మీరు రాసేసుకుంటే మా పని మేం చూసుకుంటాం."

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండింది. మనిషి పోయి గంట కాలేదు, ఈయనగారికి పని తొందర!

"పేలితే బయటికి చీలాలి. ఇది లోపలికి నలిగింది. ఎవరూ గేటు దాటొద్దు."

అజాగ్రత్త. ఆ మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది. మూడేళ్ళ క్రితం ఇక్కడే ఒక పనివాడు ఇలాగే నలిగిన ట్యాంకు మీద నుంచి పడి చనిపోయాడు. ఆ కేసు తనదే. రెండు గంటల్లో 'మృతుడి అజాగ్రత్త' అని రాసి చేతులు దులుపుకున్నాడు. ఆ పనివాడి తండ్రి ఇప్పటికీ ఈ యార్డులోనే ట్యాంకుల లోపల శుభ్రానికి ఆవిరి పడతాడు. అందరూ 'బాయిలర్ తాత' అంటారు. ఇప్పుడు కూడా గోడ పక్కన నిలబడి, నూనె గుడ్డతో తాపీగా చేతులు తుడుచుకుంటున్నాడు.

ముందు డ్రైవర్ని పిలిచాడు.

"ఆవిరి ఎప్పుడు పట్టారు?"

"ఆరింటి నుంచి సార్. తాత పైమూత తీసి, కింద వాల్వు తెరిచి పట్టాడు. అంతా పద్ధతి ప్రకారమే."

"తర్వాత?"

"గంటసేపు చల్లారనివ్వాలి. కానీ మా 'అర్జెంట్' ఆగడుగా! సూపర్‌వైజర్ని అలాగే పిలుస్తాం. వేడి మీదే ఎక్కి మూత బిగించి సీలేస్తాడు. రోజూ ఇదే తంతు."

"రోజూ నలగలేదే?"

డ్రైవర్ బుర్ర గోక్కున్నాడు. "కింద వాల్వు తెరిచే ఉంటుంది కదా సార్. గాలి ఆడుతుంది."

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. వాల్వు బిగించి ఉంది.

ట్యాంకు పొట్ట కింద నుంచి నీటిచుక్కలు రాలుతున్నాయి. నేలంతా తడి. నెల రోజులుగా వాన జాడే లేదు.

తలెత్తాడు. ట్యాంకర్‌కి పైన షవర్ పైపు ఉంది. బండిని కడిగే చన్నీళ్ళు అందులోంచే పడతాయి. దాని మోటార్ యార్డు ఆ చివర పంపు గదిలో.

పంపు గది ప్యానెల్ మీద: మోటార్ ఆన్, 6:52:05.

గేటు కెమెరాలో ట్యాంకు పైభాగం మాత్రమే కనిపిస్తుంది: నలిగింది, 6:52:40.

స్టాప్‌వాచ్ నొక్కి పంపు గది నుంచి పరిగెత్తాడు. నిచ్చెనెక్కి ట్యాంకు మీద నిలబడేసరికి నిమిషం యాభై సెకన్లు.

పదకొండింటికి ముగ్గురినీ బాయిలర్ గదిలో కూర్చోబెట్టాడు. ఖాళీ నూనె డబ్బాలో గుక్కెడు నీళ్ళు పోసి బర్నర్ మీద పెట్టాడు. ఆవిరి బుసకొట్టింది. డబ్బా దించి, మూత బిగించి, చెంబెడు చన్నీళ్ళు గుమ్మరించాడు.

ఫట్‌మని డబ్బా ముడుచుకుపోయింది. యజమాని ఉలిక్కిపడ్డాడు.

"ఆవిరి లోపలి గాలిని బయటికి తోసేసింది. చన్నీళ్ళు పడగానే ఆ ఆవిరి చుక్కనీరయింది. ఇక లోపల ఏమీ లేదు. బయటి గాలి బరువంతా డబ్బా మీద పడింది."

"గాలికింత బలమా సార్?" డ్రైవర్ నోరెళ్ళబెట్టాడు.

"మన మీదా ఉంది. మన లోపలా గాలి ఉంది కాబట్టి తెలియదు. సూపర్‌వైజర్ పైన మూత బిగిస్తుంటే ఎవరో కింద వాల్వు కట్టేశారు. వెళ్ళి నీళ్ళు వదిలారు. ముప్పై అయిదు సెకన్లలో ట్యాంకు నలిగింది. పైనున్నవాడు ఆ నీళ్ళు వదల్లేడు. యజమాని ఏడు దాటాక వచ్చాడు. డ్రైవర్ గేటు కెమెరాలో టీ తాగుతున్నాడు. అప్పటికి ఇంకెవరూ గేటు దాటి లోపలికి రాలేదు. మిగిలింది..."

"నేనే," అన్నాడు తాత. "అయితే సార్, పైనున్నవాడు నీళ్ళు వదల్లేడు. అంతేగా?"

"వదల్లేడు."

"పంపు గది నుంచి పైకి చేరాలంటే రెండు నిమిషాలు. అంతేగా?"

"దాదాపు అంతే."

తాత చొక్కా జేబులోంచి మడతలు అరిగిన జిరాక్సు కాగితం తీసి చాచాడు. "చదవండి."

మూడేళ్ళ నాటి రిపోర్టు. తన చేతిరాతే. 'మోటార్ ఆన్ 6:59. శబ్దం 7:00, ఏడింటి సైరన్‌తో పాటే. నేల తడిగా ఉంది. మృతుడే నీళ్ళు వదిలి, పైకెక్కి, మూత బిగించి...'

ఇన్‌స్పెక్టర్ ఆ రెండు అంకెలూ మళ్ళీ చదివాడు. మధ్యలో ఒక్క నిమిషమే.

"మూత వేసింది నా కొడుకే," అన్నాడు తాత. "వెయ్యమన్నది ఆ అర్జెంట్. వాల్వు కట్టేసి నీళ్ళు వదిలిందీ వాడే, త్వరగా చల్లారాలని. ఆఫీసులో ఉన్నానని మీతో బొంకాడు. మీరు రాసుకున్నారు."

"నాతో చెప్పాల్సింది తాతా."

"చెప్పులరిగేలా తిరిగాను. 'కేసు మూసేశాం, ఇంటికెళ్ళు' అన్నది మీరు కాదూ? బళ్ళో నా మనవరాల్ని 'మీ నాన్న బుద్ధిలేక చచ్చాడు' అంటున్నారు. అది ఇంటికొచ్చి నిజమేనా తాతయ్యా అని అడుగుతుంది."

తాత ఇన్‌స్పెక్టర్ చేతిలోని కాగితం మీద 'అజాగ్రత్త' అన్న మాటకి వేలు ఆనించాడు.

"ఆ అర్జెంట్‌ని చంపినందుకు నాకు బాధలేదు. మిమ్మల్నీ వదలకూడదనుకున్నాను. వచ్చే నెల మీకు బదిలీ అని విన్నాను, ఇక ఆగలేదు. వాల్వు మళ్ళీ తెరవడం, నేల తుడవడం నాకెంత పని? ఇది మీరే తేల్చాలని వదిలేశాను. మీ నోటితోనే, నలుగురిలో."

ఇన్‌స్పెక్టర్ బేడీల కోసం నడుము తడుముకున్నాడు.

"తొందరేం? ముందు నా కొడుకుది రాయండి. నాది తర్వాత."

అతను పెన్ను తీశాడు. రిపోర్టు కింద రాశాడు: 'ఇది తప్పు. మృతుడి దోషం లేదు. విచారించని దోషం నాది.' సంతకం పెట్టి తేదీ వేశాడు.

తాత రెండుసార్లు చదువుకుని, కాగితాన్ని డ్రైవర్ చేతిలో పెట్టాడు.

"బళ్ళో నా మనవరాలి పంతులమ్మకివ్వు. క్లాసులో పైకి చదవమను."

అప్పుడు చేతులు ముందుకి చాచాడు.