కమడో, ఇంటికి రా

మా బస వెనకాల దిగుడుబావి ఉంది చూశారూ... దీపాలు పెట్టాక అందులోకి ఎవరూ దిగరు. నేనీ దీవికి కోడలిగా వచ్చిన రోజే మా అత్త చెవిలో వేసింది — "అడుగున ఓ పిల్ల ఏడుస్తుంటుంది, పోకు." ఎవరి పిల్లో ఎవరికీ తెలీదు. నీళ్ల చప్పుడేలే అని వాదించాను. ఓ సాయంత్రం నా చెవులతో నేనే విన్నాక నోరు మూసుకున్నాను.

వచ్చే అతిథులందరికీ చెబుతాను. చెబితే వింటేగా!

ఆ వేసవిలో సెలవులకని నాహా పట్నం నుంచి ర్యోటా వాళ్లు వచ్చారు. ర్యోటా, భార్య సచియె, ఆరేళ్ల కూతురు మినా, ర్యోటా తల్లి కమడో అవ్వ. వెంట స్నేహితుడు తోమా. అవ్వ ఈ దీవిలోనే పుట్టిందట, చిన్నప్పుడే వెళ్లిపోయి మళ్లీ ఇదే రావడమట.

మినా ఒట్టి అల్లరి పిడుగు. పొద్దస్తమానం సముద్రంలోనే. నేను వేసిన సముద్రపు పాచి బజ్జీలు పళ్లెం పళ్లెం ఊదేసి, "అత్తా, ఇంకో వాయి!" అనేది. నాకు పిల్లల్లేరు... బాగా అలవాటైపోయింది.

ఆ సాయంత్రం మగాళ్లు పెరట్లో చేపలు కాలుస్తూ అవమొరి సారా తాగుతున్నారు. తాగితే ర్యోటాకి సరదా ఎక్కువ. "దెయ్యాన్ని చూద్దాం పదవే" అని పిల్లని బావిలోకి దింపాడు. తోమా కూడా వెళ్లాడు. "కొరివితో తల గోక్కోకయ్యా!" అని అరిచాను. నవ్వాడు.

కింది మెట్ల మీద టార్చి ఆర్పేసి — "భౌ!" అన్నాడట.

పిల్ల జారి పడింది. ఏడవలేదు.

మా దగ్గర పిల్లలు దడుచుకుంటే, పడ్డచోటే ప్రాణం జారిపోతుంది. అక్కడికక్కడే నేల మీంచి దోసిలితో తీసినట్టు తీసి, గుండెకి అద్ది, పేరుపెట్టి పిలవాలి. ఏ తల్లైనా చేసే పనే. ఈయనగారు నవ్వుకుంటూ పిల్లని భుజాన వేసుకుని వచ్చేశాడు.

నోట్లో బజ్జీ పెడితే నమల్లేదు. "మినా... అమ్మనే... ఇటు చూడు తల్లీ." కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. కాళ్లు చల్లబడ్డాయి. దీవి డాక్టరు వచ్చి చూసి, "దెబ్బేం లేదు... తెల్లారాక పడవెక్కించండి" అని తల గోక్కున్నాడు.

అవ్వకి అర్థమైపోయింది. "ఒరే, పిల్ల ప్రాణం అక్కడే వదిలేసి, ఒళ్లు మోసుకొచ్చావురా!"

పిల్ల గౌను, గుప్పెడు బియ్యం పట్టుకుని అవ్వే దిగింది. కొడుకూ, తోమా వెనకాల. అక్కడ జరిగింది తోమా చెప్పాడు నాకు.

మా వైపు పెద్ద మనవరాలికి నానమ్మ పేరే పెట్టుకుంటారు. మినా అన్నది బడికీ, రోజూ పిలవడానికీ. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఆ పిల్లకీ కమడోనే. ప్రాణానికి పుట్టినప్పుడు పెట్టిన పేరే తెలుస్తుందంటారు.

అవ్వ బియ్యం చల్లి మెల్లిగా పిలిచింది. "కమడో... చీకటి పడింది... ఇంటికి రా."

ఉలుకూ పలుకూ లేదు.

"కమడో... ఇంటికి రా."

అడుగున — ఏడుపు. సన్నగా. ఒక్కో మెట్టూ ఎక్కి పైకొస్తున్నట్టు. అవ్వ చేతుల్లో గౌను బరువెక్కిందట. గబగబా మూట కట్టి, ఆ వయసులో పరుగున మెట్లెక్కేసింది.

గౌను పిల్ల మీద కప్పాం. రెప్ప కొట్టుకుంది. ఊపిరి ఎగదీసి, బావురుమంది. అమ్మయ్య! మేమూ ఏడ్చాం. సచియె దగ్గరికి లాక్కోబోతే —

తోసేసింది.

మా దీవి పాత మాటలో మాట్లాడింది. ర్యోటాకే రాదా భాష, నాకే సగం సగం.

"అమ్మ ఏది? దుంపలు తవ్వుకొస్తానంది. విమానాలు పోయాక వస్తానంది. కదలొద్దంది... నేను కదల్లేదు."

అవ్వ ఉన్నచోటే కూలబడింది.

"ఏమైందవ్వా?"

"అది నేనే అమ్మాయ్..." అంది అవ్వ. "యుద్ధంలో... మా అమ్మ నన్నక్కడే దాచి వెళ్లింది. మళ్లీ రాలేదు. ఎవరో ఎత్తుకుని పడవెక్కించారు. నా ప్రాణం కొంత అక్కడే ఉండిపోయిందని ఇవాళ్టిదాకా నాకూ తెలీదు."

"మరి నా బిడ్డ?" అంది సచియె.

ర్యోటా బావి వైపు పరిగెత్తాడు. "మినా! నాన్ననే... మినా!" బావి పలకలేదు. పుట్టినప్పుడు పెట్టిన పేరుతో పిలిచాడు — "కమడో, ఇంటికి రా!"

"ఆఁ, వచ్చాగా!" అంది, మా మధ్యే కూర్చున్న పిల్ల.

అతను ఎన్నిసార్లు పిలిచినా ఈ పిల్లే పలుకుతోంది. అడుగున ఉన్నదాన్ని ఇంకేమని పిలవడం? సచియె అవ్వ కాళ్లు పట్టేసుకుంది. "దీన్ని పంపించెయ్యండత్తయ్యా... అమ్మ రాదని చెప్పండి. చెబితే పోతుందేమో..."

అవ్వ పిల్ల వైపు తిరిగింది.

పిల్ల పాకుతూ వచ్చి అవ్వ ఒళ్లో ఎక్కింది. ముడతల మొహాన్ని రెండు చేతులతో తడిమి తడిమి చూసింది.

"అమ్మా... ఇంత ముసలిదానివైపోయావేమే? ఎంతసేపు చూశానో."

బయట ర్యోటా ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. అవ్వ కోడలి వైపు చూసింది, నా వైపు చూసింది.

పిల్లని గుండెకి హత్తుకుని, ఆ పాత మాటలోనే, "వచ్చానమ్మా" అంది.