ఆగిన చోటి నుంచే

"జేబులు ఖాళీ చెయ్," అన్నాడు పెద్దాయన.

బొండాం ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. కెమెరా దాచిన పెన్ను, ట్రాన్స్‌మిటర్ బెల్టు, మడమలో బ్లేడున్న బూట్లు. డిపార్ట్‌మెంటులో అతని కోడ్ నేమ్ బొండాం. ఎందుకు పెట్టారని అడగక్కర్లేదు, పొట్ట చూస్తే చాలు.

"అక్కడ గేటు దగ్గర స్కానరుంది. బట్టలు తప్ప ఏదీ లోపలికి పోదు. పైకి పరుపుల కంపెనీ, లోపల విదేశీ ముఠా. ఎవరో సైంటిస్టుని లేపెయ్యబోతున్నారు. ఎక్కడో, ఎప్పుడో తెలీదు. ఫిర్యాదులకి జవాబులు రాసే ఉద్యోగం నీది. ఏడో నంబరు కస్టమర్ని నేనే. వివరం దొరగ్గానే నాకు జవాబు రాయి."

"లోపల మనవాళ్ళెవరైనా?"

"సూపర్‌వైజర్. సెంటు మేడమ్ అంటారు. రెండు పడవల మీద కాళ్ళు, ప్రస్తుతానికి బరువు మన పడవ మీదే ఉంది. పాస్‌వర్డ్: దూది మెత్తగా లేదు."

ఇంట్లో ఎవరున్నారని మాత్రం పెద్దాయన అడగలేదు. ఇక్కడ ఒకరి కుటుంబం ఒకరికి తెలియకూడదు. అది రూలు.

మూడు వారాలు గడిచాయి. కిటికీ లేని గది, ఆరు బల్లలు, పొద్దున తొమ్మిదికి పడితే సాయంత్రం ఆరుకి తప్ప తెరుచుకోని ఇనప తలుపు. ఫోన్లుండవు. "క్షమించండి సార్, మీ నడుం నొప్పికి చింతిస్తున్నాం" అని రాసీ రాసీ బొండానికే నడుం పట్టేసింది. మిగతా అయిదుగురూ పాపం ఏమీ తెలియని టైపిస్టులు.

ఆ రోజు మూడింటికి ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది. బొండాం లాగాడు. దాని మీద ఒకటే లైను: 'బస్సు 4172. చివరి సీటు కింద. సైంటిస్టు అక్కడే కూర్చుంటాడు. ఐదు గంటలకి.'

4172 అతని అక్క నడిపే బస్సు. అమ్మ పోయాక తన చదువు మానేసి తమ్ముణ్ణి పెంచిన అక్క. తన పెళ్ళిరోజు మర్చిపోయినా ఆ నంబరు మర్చిపోడు బొండాం.

సెంటు మేడమ్ దగ్గరికి పరుగులాంటి నడక నడిచాడు. ఆకుపచ్చ పట్టు గౌను, గదంతా పరిమళం. "మేడమ్, దూది మెత్తగా లేదు," అంటూ కాగితం చేతిలో పెట్టాడు.

ఆవిడ చదివింది. చక్కగా నవ్వింది. కాగితాన్ని ముక్కలు చేసే మిషన్‌లో వేసింది.

"ఆ పడవ దిగిపోయాను నాయనా. నిన్ను పట్టిస్తే నా పాత కథా బయటికొస్తుంది, అందుకే బతికున్నావ్. వెళ్ళి కూర్చో. ఆరింటి దాకా పరుపుల గురించి రాసుకో. ఫిల్టర్ దాటి ఒక్క అంకె పంపు, చూద్దాం!"

కుడితిలో పడ్డ ఎలకైపోయాడు బొండాం.

ఆ ఫిల్టర్ ఆషామాషీది కాదు. బయటికెళ్ళే ప్రతి జవాబునీ ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే అక్షరాల్ని జల్లెడ పట్టే కంప్యూటరు సూత్రం, తడిమి చూస్తుంది. అది మాటని కాదు, రూపాన్ని పట్టుకుంటుంది. అంకెలు, అక్షరాల్లో రాసిన అంకెలు, చుక్కలు పెట్టి విడదీసినవి, తిరగేసినవి, ఏదైనా సరే. బస్సు, కారు, సీటు అన్న మాటలు కూడా. ఏది తగిలినా జవాబు ఆగిపోయి గంట మోగుతుంది. వెంటనే అందరూ లేచి చేతులు పైకెత్తాలి. ఆ నంబరు లేకుండా రాస్తే, ఊళ్ళో ఉన్న రెండువేల బస్సుల్లో పెద్దాయన దేన్ని ఆపుతాడు?

నాలుగు గంటలైంది. నాలుగుంపావు. ఆలోచించరా, ఆలోచించు.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వారం పక్క బల్ల పిల్ల పొరపాటున 'నాలుగు దిండ్లు' అని రాసింది. గంట మోగింది, మేడమ్ తిట్టి వెళ్ళింది. కంగారులో ఆ పిల్ల అదే జవాబు మళ్ళీ పంపింది. చిత్రంగా, వెళ్ళిపోయింది! అందరూ మిషన్‌కి మతి పోయిందన్నారు. పూర్వాశ్రమంలో ప్రోగ్రామరైన బొండాం మాత్రం ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించాడు.

ముఠా ఇంజనీరుది పిసినారి బుర్ర. పొద్దున ఒక్క రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఆబ్జెక్టు, అంటే ఆ సూత్రానికి ఒకే ఒక్క ప్రతి, చేసి, రోజంతా, ఆరు బల్లలకీ దాన్నే వాడుతున్నాడు. అన్నీ వెతకమని దానికి గ్లోబల్ జెండా కూడా తగిలించాడు. ఆ జెండా ఉన్న ఆబ్జెక్టు, ఏదైనా దొరికితే ఆ చోట వేలు పెట్టుకుని కూర్చుంటుంది. తర్వాత వచ్చేది వేరే జవాబైనా సరే, వేలున్న చోటి నుంచే చదువుతుంది. అంత పొడుగు లేకపోతే, ఏమీ లేదని వదిలేసి మళ్ళీ మొదటికొస్తుంది.

అంటే ముందు ఒక చాంతాడంత జవాబు దొరికిపోవాలి. వెంటనే చిట్టి జవాబు వెళ్ళాలి. మధ్యలో ఎవరి బల్ల నుంచి ఏ జవాబు వెళ్ళినా సర్వనాశనం. గంట మోగితే అందరి చేతులూ పైనే ఉంటాయి, బాగానే ఉంది. కానీ తన చేతులూ పైనే ఉండాలి కదా!

బొండాం తలొంచి చూసుకున్నాడు. స్కానర్ లాక్కోలేనిది ఒక్కటే మిగిలింది.

రెండో విండోలో ఏడో నంబరు కస్టమర్‌కి పొట్టి జవాబు టైపు చేసి ఉంచాడు: '4172 బస్సు. చివరి సీటు కింద బాంబు. ఐదు.' మొదటి దాంట్లో అరపేజీ క్షమాపణలు, చిట్టచివర 'రెండు దిండ్లు ఉచితం'. కీబోర్డు తిప్పి, ఎంటర్ ఉన్న మూల తన వైపుకి, బల్ల అంచు దాకా జరిపాడు.

నాలుగూ ముప్ఫై ఎనిమిది. నొక్కాడు. విండో మార్చాడు. గంట మోగింది.

ఆరు జతల చేతులు గాల్లోకి లేచాయి. బొండాం కూడా లేచాడు, కాస్త ముందుకి వంగి. పొట్ట బల్ల అంచు మీదికి వాలింది. టిక్.

తెర మీద చిన్న మాట మెరిసింది: వెళ్ళింది.

సెంటు మేడమ్ వచ్చి చదివింది. "ఇదెలా దాటింది?"

"మీ ఇంజనీర్ని అడగండి మేడమ్." అడిగితే తన పాత కథా బయటికొస్తుందని ఆవిడకి తెలుసు.

జవాబు తిరిగి వచ్చే దారి ఆ గదికి లేదు. ఇక గడియారమే దిక్కు. నాలుగూ యాభై. యాభై ఐదు. పెద్దాయన కాఫీకి లేచి వెళ్ళాడేమో! అక్క ఈపాటికి వంతెన ఎక్కి ఉంటుంది. బొండానికి ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

ఐదు దాటి పన్నెండు నిమిషాలకి ఇనప తలుపు ఊడిపడింది. పెద్దాయన, వెనక పోలీసులు.

"నాలుగూ యాభై తొమ్మిదికి తీసేశాంరా. ఒక్కరికీ గీత పడలేదు."

"నేను మొదట్నుంచీ మీ మనిషినే!" అంది సెంటు మేడమ్.

"పడవ వెళ్ళిపోయిందమ్మా," అన్నాడు పెద్దాయన, బేడీలు చూపిస్తూ.

ఆ సాయంత్రం బొండాం ఇంట్లో అడుగుపెట్టేసరికి అక్క చిందులు తొక్కుతోంది. "నిక్షేపంలాంటి బస్సుని నడివంతెన మీద ఆపేశార్రా! ఎందుకని అడిగితే చెప్పరు!"

అతను గబుక్కున వెళ్ళి అక్కని కావలించుకున్నాడు.

"ఏమైందిరా నీకు? ముందు ఈ బొజ్జ అడ్డు తియ్. ఎన్నిసార్లు చెప్పాలి తగ్గించమని? ఎందుకు పనికొస్తుందది?"

"ఆఫీసు సామానక్కా," అన్నాడు బొండాం కళ్ళు తుడుచుకుంటూ. "తగ్గిస్తే సంజాయిషీ రాసివ్వాలి."