పాసవ్వని ఎల్లాజీ

"హీ గో కాదండీ, హీ గోస్," అంది ప్రసన్నకుమారి.

"ఎల్తన్నోడు ఒక్కడే కదా మేడం, ఎస్సెందుకు? పది బోట్లుంటే బోట్స్ అన్నారు. ఆ పదీ ఎల్తే మళ్ళీ ఉట్టి గో అంతన్నారు. ఇదేటి నాయం?"

క్లాసంతా నవ్వింది. అడిగిన ఎల్లాజీ ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడుపుతాడు. సముద్రంలో చేపల వేట నిషేధం ఉన్న రెండు నెలలూ ఖాళీగా ఉండలేక కంచరపాలెంలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరానని ఇంట్లో చెప్పాడు. అది శుద్ధ అబద్ధం. రోడ్డవతల టీ తాగుతూ, మేడం గారు స్కూటీ దిగడం చూశాడు. టీ చల్లారకముందే ఫీజు కట్టేశాడు.

సబ్జెక్టుకీ వెర్బుకీ పొత్తు కుదర్చడమే ఆమె బ్యాచ్‌లో ఆఖరి పాఠం. ఆ టెస్టు పాసైతే సాయంత్రం బ్యాచ్‌కి పోవాలి. అక్కడ సెంటర్ ఓనరు భీమశంకరరావు గారు, ఆయన దగ్గు, ఆయన జోకులు. ఎల్లాజీ ఒకసారి తొంగిచూసి వచ్చి, ఫెయిలవ్వడమే ఆరోగ్యానికి మంచిదనుకున్నాడు.

అలాగే ఫెయిలయ్యాడు. మళ్ళీ అయ్యాడు. మూడోసారి కూడా శ్రద్ధగా చదువుకుని మరీ ఫెయిలయ్యాడు. పొరపాటున ఒప్పు రాస్తే కొంప మునుగుతుంది కదా.

"షీ హావ్, దే హాజ్, ఐ ఈజ్. కళ్ళు మూసుకుని రాసినా సగం రైటవుతాయండీ. మీకు ఒక్కటీ అవలేదేంటి?"

"నా బుర్రే అంత మేడం."

ఆమె అతని కళ్ళలోకి చూసింది. బయట వాన మొదలైంది. ఎల్లాజీ వానను చూడసాగాడు.

ఆ రోజే భీమశంకరరావు గారు ఆమెను పిలిచి, "ఈసారీ అతను ఫెయిలైతే నువ్వు వేరే ఉద్యోగం చూసుకోమ్మా, సెంటర్ పరువు పోతోంది," అన్నారు. తలుపు పక్కన చెప్పులు వేసుకుంటున్న ఎల్లాజీ అంతా విన్నాడు. సరాసరి హార్బర్‌కి పోయి స్నేహితుడు కోటి దగ్గర కూలబడ్డాడు.

"పాసైతే ఆవిణ్ణి సూడ్డానికుండదు బావా. ఫెయిలైతే ఆవిడికి ఉజ్జోగముండదు."

"మరేటి సేత్తావ్?"

"సేసేదేటుంది. పాసైపోతాను."

అంత ఏడుపు మొహంతో పాసైనవాడు విశాఖపట్నంలో ఇంకొకడు ఉండడు. టెస్టు పేపరు దిద్దడం అయ్యాక ప్రసన్నకుమారి పెన్ను పక్కన పెట్టింది. క్లాసులో వాళ్ళిద్దరే మిగిలారు.

"అన్నీ రైట్. అంటే ఇన్నాళ్ళూ కావాలనే తప్పులు రాశారు."

"మీరంటే ఇష్టం మేడం. పాసైతే ఇక్కడ కూకోనివ్వరని అలాగ సేసాను. మీ ఉజ్జోగానికి ముప్పొత్తాదని తెలీదు."

ఆమె తల పట్టుకుంది.

"నా స్టూడెంట్స్‌తో క్లాసు మాటలు తప్ప ఇంకేం మాట్లాడనని మా డాడీకి మాటిచ్చాను. నువ్వు పాసైపోవాలని మొదటి టెస్టు నుంచీ ప్రేయర్ చేస్తన్నాను. నువ్వేమో కష్టపడి ఫెయిలవుతన్నావా? నువ్వసలు మనిషివేనా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని ఎల్లాజీకి కాస్త ఆలస్యంగా తెలిసింది. అప్పుడిక నవ్వు ఆగలేదు.

"నవ్వింది చాలు. ఆదివారం చర్చి అయ్యాక ఇంటికి రా. డాడీతో నేను చెప్తాను. ఆయనకి చందువా చేపంటే ఇష్టం."

"ఏట నిషేధం కదా మేడం, సందువా ఎక్కణ్ణించి తెత్తాను?"

"ఇంకోసారి మేడం అన్నావంటే మళ్ళీ ఫెయిల్ చేసేస్తాను."

ఎల్లాజీ గొంతు సవరించుకున్నాడు.

"ఎండు నెత్తళ్ళు తెత్తాను, ప్రసన్నా."