పన్నెండో తేదీ లాగ్

తెల్ల వ్యాను మలుపులో ఒక పక్కకి ఒరిగిపోతుంది... పడదు.

"ఛ," అంటుంది ఆమె.

"పడకపోతేనేం, ఎక్కడికి పోతాడు?" బావ స్టీరింగ్ కట్ కొడతాడు.

జర్మన్ కారు కీచుమంటూ వ్యాను వెనకే తిరుగుతుంది.

మిట్టమధ్యాహ్నం. గోడౌన్ల మధ్య రోడ్డు. అడ్డంగా ఒక లారీ! బావ హారన్ మీద చెయ్యి తీయడు. లారీ డ్రైవర్ తిట్టిన తిట్టు సగమే వినిపిస్తుంది. అప్పటికే దాన్ని దాటేశారు.

అక్క భర్త అయిన ఈ బావ ఇన్‌స్పెక్టర్. నడుముకి పిస్టల్ ఉంది. డ్యూటీ జీపు వ్యాన్ని అందుకోలేదని ఆమె కారు తీశాడు. "నువ్వు నడిపితే వాడు దేశం దాటేస్తాడు మరదలా" అని ఆమెను పక్క సీట్లోకి నెట్టాడు.

ఆమె ఒళ్లో లాప్‌టాప్. దాని వైరు డాష్‌బోర్డు కింద దూరి ఉంది. స్క్రీన్ మీద ఇంజిన్ పల్స్ పరుగెడుతోంది.

వ్యానులో ఉన్నది కార్ల సొట్టలు తీసే డెంటింగ్ మేస్త్రి. వాడంటే ఆమెకి ఒళ్లు మంట. వాడు ఆడిన ఒక్క అబద్ధానికి తమ్ముడు ఏడు నెలలుగా జైల్లో ఉన్నాడు.

ఏడు నెలల కిందట పన్నెండో తేదీన ఒక టీచరమ్మను గుద్ది, ఆగకుండా పోయింది ఈ కారే. టీచరమ్మ చనిపోయింది. "బంపర్ మార్పించుకున్నది ఆ కుర్రాడే" అని మేస్త్రి కోర్టులో వేలు చూపించాడు. రేపు తీర్పు.

"నేను ఆ రోజు కారు తీయలేదు చిన్నక్కా," అని తమ్ముడు జైలు కిటికీ అవతల ఏడ్చాడు.

"నాతో కూడా అబద్ధాలేనా?" అని కసిరింది ఆమె.

ఈ ఉదయం మేస్త్రే ఫోన్ చేశాడు. "తప్పు చేశానమ్మా. నిద్ర పట్టడం లేదు. రేపు కోర్టులో నిజం చెప్పేస్తాను."

ఆమె ఆనందం పట్టలేక మొదట చెప్పింది బావకే. ఇద్దరూ కలిసి వెళ్లారు. బావను చూడగానే మేస్త్రి చేతిలో సుత్తి పారేసి వ్యానెక్కాడు.

నిజం చెప్తానన్నవాడు ఎందుకు పారిపోతాడు? మళ్లీ మాట మార్చేస్తాడా?

వ్యాను గోడౌన్ల వెనక మట్టిదారిలోకి దూకుతుంది. బావ గేరు మోడ్ మారుస్తాడు. కారు ఉరుకుతుంది. ఇంకో నాలుగు కార్ల దూరం... మూడు... రెండు...

ఠక్కున ఆగిపోయినట్టవుతుంది!

ఇంజిన్‌లో పవర్ లేదు. టర్బో ఈల చచ్చిపోయింది. ఒక్క క్షణమే. మళ్లీ అందుకుంటుంది. వ్యాను ఆరు కార్ల దూరంలో ఉంది.

"ఇదేం బండే? ఏడు నెలలు రిపేరు చేసి ఇదా?" బావ అరుస్తాడు.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మనసులో ఆమె తిడుతున్నది బావని కాదు. కారుని.

ఈ జబ్బు ఆమెకి తెలుసు. తమ్ముడూ ఆమే ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండేళ్లు కష్టపడి ఈ కారుకి గాలి తోసి బలం పెంచే పెద్ద టర్బో ఎక్కించారు. ట్యూనింగ్ కోసం ప్రతి ప్రయాణాన్నీ లాగ్‌గా రాసుకునే చిన్న పెట్టె బిగించారు. పన్నెండో తేదీ లాగ్‌లో, టీచరమ్మను గుద్దే ముందు, పవర్ ఇలాగే మూడుసార్లు పడిపోయింది.

కారులో లోపం ఉందని తేలితే తమ్ముడికి శిక్ష తగ్గుతుందని ఇన్నాళ్లూ ఆమె ఆశ. ఆ లోపం కోసం పెయింటు డబ్బాతో పొగ తయారుచేసి గొట్టాల్లోకి పంపి చూసింది. ఎక్కడా లీకు లేదు. గొట్టాలు బిగించే క్లాంపులన్నీ మార్చింది. లాగ్ బావకి కూడా చూపించింది. "బ్రేక్ స్విచ్ పోయుంటుంది, మార్చు," అన్నాడు. మార్చింది. రెండుసార్లు మార్చింది.

ఆమె నడిపితే ఆ జబ్బు ఒక్కసారి కూడా రాలేదు.

మళ్లీ ఠక్కున ఆగినట్టవుతుంది!

ఈసారి ఆమె కళ్లు స్క్రీన్ మీదే ఉన్నాయి.

యాక్సిలరేటర్ నలభై శాతం. ఇంజిన్‌కి వెళ్తున్న గాలి సున్నా. బ్రేక్... ఒకటి, అంటే తొక్కి ఉంది.

పన్నెండో తేదీ అంకెలే. అచ్చంగా అవే.

బ్రేక్ తొక్కితే చెప్పేది కొత్త స్విచ్. నిన్న తన చేత్తోనే బిగించింది. అది అబద్ధం చెప్పదు. మరి బ్రేక్ ఎవరు తొక్కుతున్నారు?

ఆమె కిందకి చూస్తుంది.

బావ కుడికాలు యాక్సిలరేటర్ మీద ఉంది.

ఎడమకాలు బ్రేక్ మీద ఉంది.

ఆటోమేటిక్ బండిని అందరూ ఒక కాలితో నడుపుతారు. ఆమె కూడా అంతే. తమ్ముడూ అంతే. రెండూ ఒకేసారి తొక్కితే ఈ కారు బ్రేక్ మాటే వింటుంది, ఇంజిన్‌ని నొక్కేస్తుంది. తయారీలోనే అలా పెట్టారు. కారుకి జబ్బు లేదు. ఏడు నెలలుగా అది డ్రైవర్ ఎవరో చెబుతూనే ఉంది. తన మొద్దు బుర్రకే ఎక్కలేదు!

కారు తాళం చెవి వంటింట్లో మేకుకే వేలాడుతుంది. బావ వచ్చిపోయే ఇల్లే.

మేస్త్రి పారిపోతున్నది తన నుంచి కాదు. బావ నుంచి. అబద్ధం చెప్పించింది బావే. వాడు నిజం చెప్పబోతున్నాడని తెలిపి బావకి పట్టిచ్చింది తనే. చేతులారా తనే!

"అయిపోయాడు," అంటాడు బావ. ఒక చేత్తో పిస్టల్ తీసి ఒళ్లో పెట్టుకుంటాడు. వ్యాను ముందు మట్టిదారి ఎత్తెక్కుతోంది. ఎక్కలేక మూలుగుతోంది.

"కాలుస్తారా బావా?"

"పారిపోబోయాడు, కాల్చాను. అంతే కదా."

ఆమె చెయ్యి సీటు కిందకి జారుతుంది. అక్కడ చిన్న స్విచ్. దొంగల భయానికి, పెట్రోలు ఆపేసేలా పంపుకి బిగించింది. బావకి తెలియదు.

టక్.

కారు రెండుసార్లు దగ్గి, దొర్లి, ఆగిపోతుంది. వ్యాను ఎత్తు దాటి కనుమరుగవుతుంది.

బావ స్టీరింగ్‌ని పిడికిలితో గుద్దుతాడు. "ఏమైంది?"

"ముందు పక్కన పెద్ద గొట్టం ఊడినట్టుంది. బానెట్ ఎత్తి చూడండి." గొంతు వణకలేదు. అదే గొప్ప.

ఆయన దిగుతాడు. బానెట్ లేస్తుంది. అద్దం నిండా రేకు.

ఆమె డ్రైవర్ సీట్లోకి జరుగుతుంది. స్విచ్ వేస్తుంది. తలుపులు లాక్ చేస్తుంది.

ధడేల్! బానెట్ మూసుకుంటుంది.

బావ ఎదురుగా నిలబడి ఉన్నాడు. పిస్టల్ ఆమె ముఖానికి సూటిగా ఉంది.

"గొట్టాలన్నీ బాగానే ఉన్నాయి మరదలా. నా కాళ్ల వంక చూశావు. అది నేనూ చూశాను. లాప్‌టాప్ తీసుకుని దిగు."

"వాడు మీకు తమ్ముడి లాంటివాడు కదా బావా. మీ చేతుల్లో పెరిగాడు."

"నేను లోపలికెళ్తే మీ అక్క ఏమవుతుంది? ఆలోచించావా? వాడికేం, కుర్రాడు. ఐదేళ్లు గడిచిపోతాయి."

ఐదేళ్లు. బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు.

"ఆ టీచరమ్మకి కూడా ఒక ఇల్లుంటుంది," అంటుంది ఆమె. కళ్లు మండుతున్నాయి. ఏడుపు కాదు. కోపం.

స్టార్ట్ బటన్ నొక్కుతుంది. ఇంజిన్ గర్జిస్తుంది.

బావ నవ్వుతాడు. "రెండు అడుగులు వేసి ఆగిపోయే బండి. దాన్ని పట్టుకుని నన్ను బెదిరిస్తావా?"

పాపం, ఆయనకి ఈ కారు గురించి సగమే తెలుసు.

పరుగులో ఉంటే అది రెండు కాళ్లనీ ఒప్పుకోదు. నిలబడి ఉంటే ఒప్పుకుంటుంది. అలా ఉన్నచోటే బలమంతా కూడగట్టుకోవడానికి తమ్ముడూ తనూ ఒక ఎండాకాలమంతా ట్యూనింగ్ చేశారు.

ఎడమకాలు బ్రేక్ మీద అదిమి పెడుతుంది.

కుడికాలు యాక్సిలరేటర్ మీద. పూర్తిగా.

కారు కదలదు. వణుకుతుంది. టర్బో ఈల సన్నగా మొదలై చెవులు చిల్లులు పడేలా పెరుగుతుంది.

బావ నవ్వు ఆగిపోతుంది. "ఏం చేస్తున్నావు?"

"మీలాగే నడుపుతున్నాను బావా."

పిస్టల్ పేలుతుంది. ముందు అద్దం తెల్లగా పగులుతుంది.

ఆమె బ్రేక్ మీది ఎడమకాలు ఎత్తేస్తుంది.