పెద్ద డాక్టరు చాపిన చెయ్యి

నేను చెప్పే ఒక్కో మాట నిజం. అబద్ధమైతే నా నోట్ల మిగిలిన రెండు పండ్లు గూడ గిప్పుడే ఊడి పడాలె. నిన్న మూడున్నయంటవా? ఒకటి పొద్దుగాల ఊడింది. దానికీ దీనికీ సంబంధం లేదు.

కల్వకుర్తి అవతల ఒక దవాఖానల నేను ఆయమ్మను. రోజుకు పది వేల మంది రోగులు. గుర్వయ్య కాంపౌండరు మందునీళ్లు బిందెలతోనే పోసేటోడు. అందరి మీద పెద్ద డాక్టరు రామచంద్రం సారు. ఆయన దగ్గితే మూడు ఊళ్ల అవతల బర్రెలు పాలు చేపడం మానేసేవి.

కొత్త డాక్టరు ఎవరొచ్చినా సారు పద్ధతి ఒకటే. ముందు డాక్టరు చదువు సనదు కాగితం చూసేటోడు. దాన్ని పక్కకు పెట్టి, ఎడమ చెయ్యి చాపేటోడు.

"నాడి చూసి చెప్పు."

సారు చంకల గుడ్డ ఉండ పెట్టుకొని గట్టిగ నొక్కితే మణికట్టు కాడ నాడి అందదు. ఆ ఉండ చుట్టిచ్చేది నేనే. అందకున్నా "డెబ్బై రెండు సార్" అన్నోడు సాయంత్రం బస్సుకే వాపసు. "దొరుకుతలేదు సార్" అన్నోనికే ఆపరేషన్ గది తాళంచెవి. కాగితం ఎవడైనా తెస్తడు, లేనిది లేదని చెప్పేటోడే డాక్టరు అనేటోడు.

పంతొమ్మిది వందల యాభై మూడుల సారు పోయిండు. కాలబెట్టంగ నా కండ్లతోనే చూసిన.

మూడో దినం నా చెల్లె బిక్షమ్మను బండిల తెచ్చిన్రు. రెండు రోజులుగ నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది. ఆ పొద్దే కొత్త డాక్టరు అమరేందర్ బస్సు దిగిండు. నేను ఏడవలేదు. ఏడుపు యాడనో ఆగిపోయింది. చేతులు మాత్రం వాటంతట అవే నీళ్లు కాగబెడుతున్నయి.

"కోసి తీయాలె. తాళంచెవి ఇయ్యి" అన్నడు అమరేందర్.

"పెద్ద సారు పరీక్ష చెయ్యంది ఇయ్యరాదు" అన్నడు గుర్వయ్య.

"ఆయన పోయిండు గద."

"పట్నం నుంచి ఇంకొక పెద్ద సారు వస్తడు. నాలుగు రోజులు ఆగు."

"గామెకు నాలుగు గంటలు గూడ లేవయ్యా."

"నా నౌకరి పోతే నీ సనదు నాకిస్తవా సారూ?"

దీపాలు పెట్టే యాళ్ల ఇంకో తాళంచెవి ఎతుకుదామని అమరేందర్, నేను పెద్ద సారు గదిలకు పోయినం. స్పిరిట్ వాసన. దాని కింద కాలిన కట్టె వాసన. కుర్చీ కిర్రుమన్నది...

కూసున్నడు. తెల్ల కోటు. మొఖం చీకట్ల ఉంది.

ఎడమ చెయ్యి చాపిండు.

"నాడి చూసి చెప్పు."

పట్నం సారు వచ్చిండనుకున్నడు అమరేందర్. అది ఎవరో నాకు తెలుసు. చెప్తే ఈయన ఉరుకుతడు, బిక్షమ్మ పోతది. ఈయన ఉత్తగ ఒక అంకె చెప్పినా బిక్షమ్మ పోతది. నోరు మూసుకొని నిలబడ్డ. ఆ యాళ్ల గుడ్డ ఉండ నేను చుట్టియ్యలేదు...

అమరేందర్ మణికట్టు పట్టుకున్నడు. చానాసేపు.

"సార్... మీ చెయ్యి చల్లగుంది."

"నాడి."

"దొరుకుతలేదు సార్."

కుర్చీ కిర్రుమన్నది. బల్ల మీద తాళంచెవి ఉంది. కుర్చీల ఎవ్వరూ లేరు.

"ఆయన ఎటు పోయిన్రు ఉప్పలమ్మా?" అని గుసగుసగ అడిగిండు.

"ముందు నా చెల్లెను చూడు సారూ."

బిక్షమ్మ బతికింది. ఆడపిల్ల పుట్టింది. పెంకులు లేచేటట్టు ఏడ్చింది. అమరేందర్ పిల్ల మణికట్టు పట్టుకున్నడు. విడిచి మళ్లీ పట్టుకున్నడు. రెండో చెయ్యి పట్టుకున్నడు. రొమ్ము మీద చెవి పెట్టిండు. నా దిక్కు చూసిండు. ఏం చెప్పలేదు. నేనూ అడగలేదు. పదహారేండ్లాయె.

గా పిల్లనే మన మైసమ్మ. పల్లి చేన్ల కలుపు తీస్తాంది. ఇగో, ఈ జొన్న గట్క గిన్నె పట్టుకపోయి ఇచ్చిరా బిడ్డా. ఇచ్చేటప్పుడు జర చెయ్యి పట్టుకొని చూడు. నా చేతి ఏళ్లకు తిమ్మిర్లు, ఏం తెలుస్తలేదు. నాడి దొరికితే ఉరికొచ్చి చెప్పు. దొరకకుంటే గిన్నె కడిగి అరుగు మీద బోర్లించు, నాతోని మాట్లాడకుండ మీ ఇంటికి పో.