పుర్రచేతి అచ్చు

కనకవల్లి రాజ్యంలో ఒక ఏడాది వింత జబ్బు పుట్టింది. మనిషి కాలివేళ్ల దగ్గర కొయ్యబారడం మొదలై, అది మెల్లగా పైకి పాకేది. గుండె దాకా వస్తే ఇక ఆశ లేదనేవారు. రాజవైద్యుడు మార్కండాచార్యులు కొండచిక్కుడు గింజలతో మందు కాచాడు. అది తాగితే ఒక కాలు కదిలేది, రెండో కాలు మరింత బిగుసుకునేది.

కంచరి సోమలింగం నడుము దాకా కొయ్యబారాడు. అతనికి ఒక్కతే కూతురు, పైడి. ఆమెది పుర్రచేతి వాటం. ఎడమచేత్తో మంచినీళ్లిస్తే తండ్రి అందుకునేవాడు కాదు. "ఆ చెయ్యి కాదే, మంచి చెయ్యి" అనేవాడు.

పైడి ఆచార్యుల దగ్గరకు వెళ్లింది. "తాతగారూ, ఒకే మందు మంచీ చేస్తుంది, చెడూ చేస్తుంది. ఎందుకని?"

ఆచార్యులు తన రెండు చేతులూ చాపాడు. "చూడటానికి ఇవి ఒకటే. కానీ కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టదు. మందులోని రేణువులూ అంతే తల్లీ. సగం కుడివాటం, సగం ఎడమవాటం. ఒకటి కట్టు విప్పుతుంది, ఒకటి బిగిస్తుంది. ఏది ఏదో నాకూ తెలియదు. ఒక్క వాటాన్నే పుట్టించే లోహం గజ్జెలకొండ గుహలో ఉందట. దానికోసం వెళ్లిన ఏడుగురు వీరులూ తిరిగి రాలేదు."

పైడి ఇంటి దేవుడికి దండం పెట్టుకుని, ఆచార్యుల చేత ఇంకా మందుగా మారని పచ్చి కషాయం ముంతలో పోయించుకుని బయలుదేరింది.

మూడో రోజు అడవిలో ఒక ఊట నోటికి బండ అడ్డం పడి ఉండటం చూసింది. కర్రతో దాన్ని పక్కకు దొర్లించింది. బుడగల్లోంచి ఉదజని అనే జలకన్య పైకి వచ్చింది.

"ఊపిరాడక చచ్చిపోతున్నానమ్మాయ్. నీకేం కావాలి?"

"మా నాన్న లేచి తిరగాలి."

ఉదజని ముంతలోకి చూసింది. "ఇది మందు కావాలంటే నా ఊపిరి తగలాలి. కానీ నాకు దారీ తెన్నూ లేదు, ఎటు పడితే అటు వాలతాను. అందుకే రేణువులు సగం అలా, సగం ఇలా పుడతాయి. పట్టి నిలిపే అచ్చు ఉంటే ఒకే పక్కన వాలతాను. పద, నేనూ వస్తాను."

గుహ ముందు ఏడుగురు వీరులు కొయ్యబొమ్మల్లా నిలబడి ఉన్నారు. లోపలి నుంచి ఒక యక్షుడు వచ్చాడు.

"ఎనిమిదో బొమ్మ వచ్చిందే" అని నవ్వి, మైనపు పలక ముందుపెట్టాడు. "ఇందులో నీ అరచెయ్యి అద్దు. ఈ గుహలోని లోహంతో అచ్చం అలాంటి గుంటే పోతపోస్తాను. ఏ చేతి గుంటలో కాగితే ఆ వాటం రేణువులే పుడతాయి. మొదటి గుక్క నువ్వే తాగాలి. తప్పిందా, వీళ్ల పక్కన చోటుంది."

పైడి భయంతో కళ్లు మూసుకుని, తీర్థానికి చాపినట్టు కుడిచెయ్యి చాపింది. అంతలో ఆగి వీరుల వైపు తిరిగింది. ఏడుగురి కుడి అరచేతులకూ మైనం అంటుకుని ఉంది. ఒక్కరి ఎడమచేతికీ లేదు.

"శుభమని అందరూ ఇదే పెట్టారు" అనుకుని ఇంటి దేవుణ్ణి తలుచుకుంది. "స్వామీ, రెండో చెయ్యి ఇచ్చిందీ నువ్వే కదా. అది చెడ్డదెలా అవుతుంది?"

ఎడమచెయ్యి గట్టిగా అద్దింది.

యక్షుడి నవ్వు ఆగిపోయింది. మాట ప్రకారం పోతపోశాడు. ఆ గుంటలో కషాయం పోస్తే, ఉదజని ఊపిరి జంట బుడగలై ఒకే పక్కన వాలింది. పైడి ఒక గుక్క తాగింది. ఒళ్లంతా వెచ్చగా అయింది, వేళ్లన్నీ ఆడుతున్నాయి. అక్కడే కూలబడి ఏడ్చేసింది.

ఆమె నోళ్లలో మందు పోయగానే వీరులు ఒక్కొక్కరే కదిలారు. "ఎన్నాళ్లయిందమ్మా కూర్చుని" అన్నాడు వారిలో పెద్దవాడు, మోకాళ్లు పట్టుకుంటూ. ఎన్నిసార్లు కాచినా ఆ లోహం గింజంతయినా తరగలేదు. దాన్నీ ఉదజనినీ వెంటబెట్టుకుని పైడి ఇంటిదారి పట్టింది.

ఇల్లు చేరేసరికి సోమలింగం గుండె కింది దాకా కొయ్యబారాడు, ఊపిరి చాలా నెమ్మదిగా ఆడుతోంది. పైడి కంగారులో ఎడమచేత్తోనే గిన్నె నోటికి అందించింది. ఆయన ఆ చేతి వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు, తాగాడు. కాసేపటికి కాలి బొటనవేలు ఆడింది.

రాజ్యమంతా లేచి నడిచింది. రాజు పైడిని వైద్యశాలకు పెద్దను చేశాడు. ఇంట్లో మాత్రం సోమలింగం ఇప్పటికీ భోజనానికి కూర్చుని పిలుస్తాడు.

"అమ్మాయ్, మంచినీళ్లు. ఆ చేత్తోనే ఇవ్వవే."