ఆకుపచ్చ అంచు

“మన ఏజెంట్ శశికళ అవతలివాళ్లకి అమ్ముడుపోయింది,” అన్నాడు చీఫ్ సాంబశివరావు. “ఈ సాయంత్రం రాకెట్ సైంటిస్ట్ రాధాకృష్ణగారు ఆమె చీరల షాపుకి వస్తున్నారు. అక్కడే ముఠా ఆయన్ని షూట్ చేస్తుందట.”

“ప్రోగ్రామ్ క్యాన్సిల్ చేస్తే?”

“ముఠా జారిపోతుంది. అడ్డొస్తే ఆమెని కూడా ఫినిష్ చెయ్యి.”

ఏజెంట్ దామోదర్ తలూపాడు. ఏజెంట్లు పెళ్లి చేసుకోకూడదని డిపార్ట్‌మెంట్ రూల్. రెండేళ్ల కిందట, 1980లో, ఇదే న్యూయార్క్‌లో, సిటీ హాల్లో తనూ శశికళా రహస్యంగా ఒకటైన సంగతి చీఫ్‌కి తెలియదు.

షాపున్న బిల్డింగ్ వందేళ్ల నాటిది. కింద షాపులు, పైన అద్దె ఇళ్లు, ముందు బారులు తీరిన రాతి స్తంభాలు. రక్షిత కట్టడం కాబట్టి మేకు కొట్టాలన్నా పర్మిషన్ కావాలి. దామోదర్ నెరిసిన గడ్డం అంటించుకుని షాపులోకి నడిచాడు.

“కంచిపట్టు ఉందామ్మా?”

వాళ్లిద్దరి కోడ్‌లో ఎర్ర అంచంటే క్షేమం. ఆకుపచ్చ అంటే ప్రమాదం.

శశికళ అరల వైపు చూపించింది. “ఆకుపచ్చ అంచుది ఉందండీ. మూడో అరలో.”

అంటే మూడో అంతస్తు. దామోదర్ బయటికొచ్చి మెట్ల దగ్గర ఆగిపోయాడు. నిజమేనా? తనని పైకి పంపి, కింద పని కానిస్తుందా? పెన్నులో అమర్చిన టెలిస్కోప్‌ని కంటికి ఆనించాడు. మూడో అంతస్తు కిటికీ చట్రంలో కొత్తగా తొలిచిన రంధ్రం కనిపించింది.

పరుగెత్తాడు.

తలుపు పగలగొట్టేసరికి వీధిలో టాక్సీ ఆగింది. హంతకుడి మీదికి దూకాడు. తుపాకీ అప్పటికే పేలింది. వాణ్ణి పడగొట్టి కిటికీలోంచి చూశాడు. రాధాకృష్ణగారు స్తంభం వెనక క్షేమంగా ఉన్నారు. ఆయన్ని అక్కడికి తోసిన శశికళ పేవ్‌మెంట్ మీద పడి ఉంది.

కిందికొచ్చి ఆమె తల ఒళ్లోకి తీసుకున్నాడు.

“ఎందుకు ఆలస్యమయింది?” అని అడిగింది శశికళ.

నిన్ను అనుమానించాను అని చెప్పడానికి దామోదర్‌కి నోరు రాలేదు. ఆమె ఇంకేమీ అడగలేదు.

చీకటి పడుతుండగా చీఫ్ ఫోన్ చేశాడు. “మిషన్ సక్సెస్. శశికళ చివరిదాకా మన మనిషేనట. ముఠాలోకి మనమే పంపామని ఢిల్లీ ఇప్పుడు చెబుతోంది. బ్యాడ్ లక్. బాడీ తీసుకోడానికి ఆమెకి ఇక్కడెవరూ లేరు.”

“నేను తీసుకుంటాను సార్.”

“హాస్పిటల్లో అడుగుతారయ్యా. ఆమె నీకేమవుతుందని చెబుతావు?”

“రూల్ ప్రకారం ఏమీ కాదు సార్,” అన్నాడు దామోదర్.